మాగ్జిమం కనిపించగానే నొక్కేయకండి

డిస్క్ ఇమేజ్‌ల (అంటే డిస్క్‌లో ఉన్నదంతా కలిపి తీసుకునే కాపీల) గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ చుట్టూ తిరిగి ఒకే దగ్గరికి వచ్చి ఆగుతున్నాయి: కంప్రెషన్ ఎంత పెట్టాలి? అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి, ఈ విడత మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది. 380 జీబీ దాకా నిండింది. మొత్తం డిస్క్‌ని ఇమేజ్ తీసి బయటి హార్డ్ డిస్క్‌లో దాచుకుందామని బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెషన్ 'హై' పెట్టాను. రాత్రి మొదలుపెడితే తెల్లారేదాకా నడిచింది, ఫ్యాన్ మోతకి నిద్ర లేదు. తీరా చూస్తే ఇమేజ్ 345 జీబీ వచ్చింది. ఇంతసేపు పిండితే వచ్చేది ఇంతేనా? నేనేమైనా తప్పు చేశానా?

జవాబు: తప్పేం లేదండీ, 'హై' అన్న మాటని నమ్మారు, అంతే. అందరం ఒక్కసారైనా నమ్ముతాం.

ముందు మీ డిస్క్‌లో ఏముందో చూడండి. ఆ 380లో 300 దాకా ఫొటోలు, వీడియోలు, పాటలే అయ్యుంటాయని నా అంచనా. జేపెగ్ ఫొటో, ఎంపీ4 వీడియో, ఎంపీ3 పాట ఇవన్నీ పుట్టడమే కంప్రెస్ అయి పుడతాయి. కంప్రెషన్ అంటే మరేమీ కాదు, డేటా చదువుకుంటూ పోతూ "ఈ ముక్క ఇందాక ఫలానా చోట వచ్చిందే, మళ్ళీ రాయడం ఎందుకు, అక్కడి నుంచి తీసుకో" అని చిన్న గుర్తు పెట్టుకోవడం. 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అనే ఇద్దరు చెప్పిన కిటుకు ఇది, జిప్ నుంచి ఇవాళ్టి జెడ్‌స్టాండర్డ్ అనే కంప్రెసర్ దాకా చాలావాటికి పునాది ఇదే. మరి ఒకసారి పిండేసిన వీడియోలో మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలు ఎక్కడ మిగులుతాయి? లెవెల్ పెంచడం అంటే ఆ ముక్కల కోసం ఇంకా ఓపిగ్గా వెతకమని చెప్పడమే. ఉన్నచోట వెతికితే దొరుకుతాయి, లేనిచోట ఎంత గాలించినా ఫ్యాన్ తిరగడం తప్ప ఏమీ జరగదు. మీ లెక్క నాకు ఇలా కనబడుతోంది: విండోస్, ప్రోగ్రాములు, డాక్యుమెంట్లు కలిపి 80 జీబీ సగానికి దిగి 40 అయింది, మిగతా 300 దాదాపు అలాగే ఉండిపోయింది. 'మీడియం' పెట్టినా ఆ 300 కదిలేది కాదు, తేడా ఏమైనా వస్తే ఆ 80లోనే, అదీ కొద్ది జీబీలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

ఇక టైమ్ సంగతి. ఇమేజ్ తీసేటప్పుడు ముగ్గురు పని చేస్తుంటారు: చదివే డిస్క్, పిండే ప్రాసెసర్, రాసే డిస్క్. ముగ్గురిలో ఎవరు నెమ్మదో వాళ్ళ వేగమే మొత్తం పని వేగం. పాత యూఎస్‌బీ 2 పోర్ట్ ఉందనుకోండి, కాగితం మీద ఎంత రాసున్నా చేతికొచ్చేది సెకనుకి 35 ఎంబీ ప్రాంతంలోనే. ఆ లెక్కన 380 జీబీ రాయాలంటే మూడు గంటలు. డేటా సగానికి దిగేదైతే రాయాల్సిందీ సగమే కాబట్టి గంటన్నరలో అయిపోతుంది. అంటే ఇక్కడ కంప్రెషన్ వల్ల టైమ్ పోవడం కాదు, కలిసొస్తోంది. 'నన్' (అంటే కంప్రెషన్ అసలు వద్దని) పెడితే అన్నిటికన్నా వేగం అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. అదే బయటి డిస్క్ కూడా ఎస్ఎస్‌డీ అయి యూఎస్‌బీ 3లో పెడితే రాయడం ఎంత వేగంగా కావాలంటే అంత, అప్పుడు 'హై' పెట్టారంటే ప్రాసెసర్ ఒక్కటే చెమటలు కక్కుతుంటుంది, రెండు డిస్కులూ చేతులు కట్టుకుని చూస్తుంటాయి.

మీ దగ్గర ఏది జరుగుతోందో తెలుసుకోవడం చాలా తేలిక. ఇమేజ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి. సీపీయూ గీత పైకప్పుని తాకుతూ, బయటి డిస్క్ గీత నేల మీద పాకుతుంటే మీరు కంప్రెషన్ ఎక్కువ పెట్టినట్టు. డిస్క్ నూటికి నూరు చూపిస్తూ సీపీయూ కునుకు తీస్తుంటే ఇంకో మెట్టు పెంచుకోవచ్చు, ఉచితంగా వచ్చినట్టే. చాలామందికి ఈ తూకం 'మీడియం' దగ్గరే కుదురుతుంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళు దాన్నే డిఫాల్ట్‌గా పెట్టేది ఊరికే కాదు.

నిజంగా సైజు తగ్గాలంటే మాత్రం పిండడం కాదు, వదిలేయడం నేర్చుకోవాలి. వాడిన సెక్టర్లు (డిస్క్‌లోని చిన్న చిన్న గదులు) మాత్రమే కాపీ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఖాళీవి కూడా కాపీ చేసే సెక్టర్ బై సెక్టర్ అని టిక్ పెట్టేశారేమో. విండోస్ తన అవసరానికి పెట్టుకునే హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్ ఇమేజ్‌లోకి పోకుండా చూసుకోండి, మంచి సాఫ్ట్‌వేర్లు వాటంతటవే వాటిని వదిలేస్తాయి. అన్నిటికన్నా పెద్ద లాభం ఏంటంటే, ఆ ఫొటోలూ వీడియోలూ వేరే పార్టిషన్‌లోకి (డిస్క్‌లో విడిగా చేసుకున్న భాగంలోకి) మార్చి వాటిని మామూలు ఫైళ్ళలా కాపీ చేసుకోండి. ఇమేజ్ కావాల్సింది విండోస్‌కీ ప్రోగ్రాములకీ, పెళ్ళి వీడియోకి కాదు. అప్పుడు 80 జీబీ డిస్క్ 40 జీబీ ఇమేజ్ అవుతుంది, అదీ 'మీడియం'లోనే, మీరు భోంచేసి వచ్చేలోపు.

ప్రశ్న: లినక్స్‌లో డీడీ కమాండ్‌తో డిస్క్ మొత్తం చదివి, దాన్ని పైప్‌లో, అంటే నేరుగా జీజిప్ అనే కంప్రెసర్‌కి ఇచ్చి లెవెల్ 9లో ఇమేజ్ తీస్తుంటాను. ఎక్స్‌జెడ్ అనే ఇంకో కంప్రెసర్ అయితే ఇంకా చిన్నది అవుతుందని ఒకరు, జెడ్‌స్టాండర్డ్ వాడమని ఇంకొకరు. ఏది వాడాలి, ఎన్నో లెవెల్?

జవాబు: జీజిప్ 9 మాత్రం ఇవాళే మానేయండి. దాని డిఫాల్ట్ 6, అక్కడి నుంచి 9కి పోతే సైజులో వచ్చే తేడా కంటికి ఆనదు, టైమ్ తేడా మాత్రం గడియారం చూడకుండానే తెలుస్తుంది. కారణం ఏంటంటే జీజిప్ వెనక్కి తిరిగి చూడగలిగేది 32 కేబీ దూరం మాత్రమే. 1992 నాటి మెషీన్లకి అది సరిపోయింది. డిస్క్ ఇమేజ్‌లో ఒకే లైబ్రరీ ఫైల్ రెండు చోట్ల ఉంటే ఆ రెంటి మధ్య దూరం ఎన్ని జీబీలో ఎవరికి తెలుసు, 32 కేబీ కిటికీలోంచి చూసేవాడికి రెండోది కనబడినప్పుడు మొదటిది ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. పైగా మామూలు జీజిప్ ప్రాసెసర్‌లో ఒక్క కోర్‌నే వాడుతుంది. జీజిప్ ఫార్మాట్టే కావాలంటే పిగ్జ్ వాడండి, జీజిప్ రాసిన ఇద్దరిలో ఒకరైన మార్క్ ఆడ్లరే దాన్నీ రాశాడు, కోర్లు అన్నిటినీ పనిలో పెడుతుంది.

ఎక్స్‌జెడ్ నిజంగానే చిన్నది చేస్తుంది, కాదనను. లెవెల్ 6లో 8 ఎంబీ, 9లో 64 ఎంబీ దూరం గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఆ 9వ లెవెల్‌కి కంప్రెస్ చేసేటప్పుడు ఒక్క థ్రెడ్‌తో (ఒకేసారి నడిచే పని పాయల్లో ఒక్కదానితో) నడిపినా 674 ఎంబీ ర్యామ్ కావాలి. ఎనిమిది థ్రెడ్లు అంటే అయిదు జీబీ పైనే అన్నమాట. అది కూడా సరే అనుకుందాం, టైమ్ మాటేంటి? ఒక్క థ్రెడ్‌లో సెకనుకి 5 ఎంబీ చొప్పున నడిచిందనుకుంటే 400 జీబీకి 22 గంటలు పైనే. ఒక్కసారి తయారుచేసి వేలమంది డౌన్‌లోడ్ చేసుకునే ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌కి ఆ కష్టం గిట్టుబాటు అవుతుంది. మీ ఇమేజ్ ఎంతమంది తెరుస్తారు? మీరు ఒక్కరే, అదీ డిస్క్ పోతే. డిస్క్ పోయిన రోజు మీకు కావాల్సింది పది జీబీ ఆదా కాదు, గబగబా వెనక్కి రావడం.

అందుకే నా ఓటు జెడ్‌స్టాండర్డ్‌కి. యాన్ కొలే రాసింది, 2016లో ఫేస్‌బుక్ 1.0 విడుదల చేసింది. 1 నుంచి 19 దాకా లెవెళ్ళు, అల్ట్రా అని చెబితే 22 దాకా, డిఫాల్ట్ 3. దీనిలో నాకు నచ్చింది ఒక్కటే: మీరు ఏ లెవెల్‌లో పిండినా, విప్పే వేగం పెద్దగా మారదు. అంటే కష్టమంతా తీసే రోజునే, రిస్టోర్ చేసే రోజున కాదు. వారం వారం తీసే ఇమేజ్‌కి 3, థ్రెడ్లు అన్నీ వాడమని చెప్పి. ఏడాదికోసారి తీసి బీరువాలో పెట్టేదానికి 9 నుంచి 12 మధ్యలో ఎక్కడైనా. 19 అనేది, చిన్న ఇమేజ్, చాలాకాలం ఉంచాలి, మెషీన్ ఖాళీగా ఉంది, ఈ మూడూ కలిసినప్పుడే.

దీనికి 'లాంగ్' అని ఇంకో ఆప్షన్ ఉంది, డిస్క్ ఇమేజ్‌లకి లెవెల్ పెంచడం కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే 128 ఎంబీ దూరం దాకా వెనక్కి చూస్తుంది. లాంగ్ 27 అంటే అదే. ఇంకా పెంచి 31 అని పెట్టుకుంటే 2 జీబీ దాకా చూస్తుంది గానీ, అప్పుడు విప్పేటప్పుడు కూడా అదే ఆప్షన్ ఇవ్వాలి, అంత ర్యామ్ కూడా ఉండాలి. మూడేళ్ళ తర్వాత, రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి, పాత మెషీన్ ముందు కూర్చుని ఆ సంగతి మీకు గుర్తొస్తుందా? 27 దాటకండి. దాటితే ఇమేజ్ పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో ఏ కమాండ్‌తో తీశారో రాసి పెట్టుకోండి. నిజానికి దాటకపోయినా రాసి పెట్టుకోండి.

ఇంతకీ మీ అసలు సమస్య కంప్రెసర్ కాదు, డీడీ. అది ఖాళీ జాగాని కూడా చదువుతుంది, ఖాళీ అంటే ఖాళీ కాదు, ఎప్పుడో డిలీట్ చేసిన సినిమాల ముక్కలు అక్కడ అలాగే పడుంటాయి, మీరు వాటిని శ్రద్ధగా పిండి దాచుకుంటున్నారు. రెండు దారులు. ఒకటి, పార్ట్‌క్లోన్ లేదా క్లోన్‌జిల్లా వాడితే అవి ఫైల్ సిస్టమ్‌ని చదివి వాడిన బ్లాకులే తీసుకుంటాయి. రెండు, డీడీయే కావాలంటే ముందు ఖాళీ జాగాని సున్నాలతో నింపండి: డిస్క్ నిండేదాకా సున్నాలు రాసే ఒక పెద్ద ఫైల్ సృష్టించి, దాన్ని డిలీట్ చేసి, అప్పుడు ఇమేజ్ తీయడం. లినక్స్ వాడే ఎక్స్‌ట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ అయితే జీరోఫ్రీ అనే చిన్న ప్రోగ్రామ్ ఇదే పని శుభ్రంగా చేస్తుంది, పార్టిషన్ అన్‌మౌంట్ చేసి ఉండాలి. ఎస్ఎస్‌డీలో, ఏ జాగా ఖాళీయో డ్రైవ్‌కి చెప్పే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్ నడిపినా చాలా డ్రైవులు ఆ జాగాని తర్వాత సున్నాలుగానే చూపిస్తాయి. సున్నాలు ఎంతగా నలుగుతాయంటే, నేను వదిలేయమన్న ఆ పాత జీజిప్ కూడా ఒక జీబీ సున్నాలని ఒక ఎంబీ చేసేస్తుంది. ఒక్క హెచ్చరిక, డిలీట్ అయిన ఫైల్ ఏదైనా తిరిగి రప్పించుకోవాలన్న ఆశ ఉంటే ఈ సున్నాల పని ముట్టుకోకండి, ఉన్న ఆశ కూడా పోతుంది.

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే కొలుచుకోండి. డిస్క్‌లో రెండు మూడు చోట్ల నుంచి 200 ఎంబీ చొప్పున ముక్కలు తీయండి, మొదటి భాగం ఒక్కటే తీస్తే అక్కడ సిస్టమ్ ఫైళ్ళు ఉండి ఫలితం లేనిపోని ఆశ పెడుతుంది. జెడ్‌స్టాండర్డ్‌లో బెంచ్‌మార్క్ ఆప్షన్ ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని లెవెళ్ళు చెబితే ఒక్కో లెవెల్‌కి సైజు, పిండే వేగం, విప్పే వేగం వరసగా చూపిస్తుంది. ఆ వరసలో సైజు తగ్గడం నెమ్మదించి వేగం మాత్రం ధడేల్మని పడిపోయే చోటు ఒకటి కళ్ళకి కడుతుంది. దానికి ఒక మెట్టు ముందే ఆగండి.

ప్రశ్న: డిస్క్ విండోస్‌లోని బిట్‌లాకర్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. బూట్ పెన్‌డ్రైవ్ నుంచి ఇమేజ్ తీస్తే మాగ్జిమం కంప్రెషన్‌లో కూడా ఒక్క జీబీ తగ్గలేదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్గా?

జవాబు: బగ్ కాదు. తగ్గి ఉంటేనే భయపడాలి, ఎందుకంటే మంచి ఎన్‌క్రిప్షన్ పని డేటాని అచ్చం చిందరవందర అంకెల్లా మార్చేయడం, అందులో మళ్ళీ వచ్చే ముక్కలు ఉండకూడదు. తాళం తీయకుండా బయటి నుంచి చదివితే మీకు కనిపించేది ఆ చిందరవందరే, 'నన్' పెట్టి టైమ్ మిగుల్చుకోండి. విండోస్ లోపల నుంచి, డ్రైవ్ అన్‌లాక్ అయి ఉండగా ఇమేజ్ తీస్తే మామూలు డేటాలాగే తగ్గుతుంది. కానీ జాగ్రత్త, అలా తీసిన ఇమేజ్‌కి తాళం ఉండదు, డిస్క్‌కి అంత కాపలా పెట్టి ఇమేజ్‌ని మాత్రం గుమ్మంలో వదిలేసినట్టు. సాఫ్ట్‌వేర్‌లోనే పాస్‌వర్డ్ పెట్టండి, అది ముందు పిండి తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ వరసే సరైంది.

ప్రశ్న: హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తోంది, కొన్ని ఫోల్డర్లు తెరుచుకోవట్లేదు. చోటు తక్కువుంది కాబట్టి హై కంప్రెషన్‌లో ఇమేజ్ తీద్దామనుకుంటున్నా.

జవాబు: వద్దు. దయచేసి వద్దు. పోతున్న డిస్క్‌ని ఎంత తక్కువసేపు తిప్పితే అంత మంచిది, మీరేమో ప్రాసెసర్ కోసం దాన్ని కాచుకుని కూర్చోమంటున్నారు. ఎక్కడైనా సరే సరిపడా పెద్ద డిస్క్ అప్పు తెచ్చుకోండి, చెడుతున్న డిస్కులు చదివే డీడీరెస్క్యూతో, ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టి, కంప్రెషన్ లేకుండా ఉన్నదున్నట్టు ఇమేజ్ తీయండి. అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, చెడ్డ చోట్లకి తర్వాత వెనక్కి వస్తుంది. అంటే ఇమేజ్‌లో ఎక్కడికంటే అక్కడికి వెళ్ళి రాయగలగాలి, కంప్రెసర్‌కి పైప్ చేస్తే అది కుదరదు. పిండడం తర్వాత, ఇమేజ్ చేతికొచ్చి డిస్క్ తీసి పక్కన పెట్టాక, తీరిగ్గా చేసుకోవచ్చు. చప్పుడు ఇంకా పెరిగితే మాత్రం వెంటనే ఆపేసి రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

ప్రశ్న: మ్యాక్‌లో డీఎంజీ (మ్యాక్ వాడే డిస్క్ ఇమేజ్ ఫైల్) తయారుచేసేటప్పుడు నాలుగు రకాల కంప్రెషన్ ఉన్నాయి. తేడా ఏంటి?

జవాబు: యూడీజెడ్ఓ అంటే జెడ్‌లిబ్, పాతది, ఏ మ్యాక్‌లోనైనా తెరుచుకుంటుంది, ఎవరికైనా పంపాలంటే కళ్ళు మూసుకుని ఇదే. యూడీబీజెడ్ అంటే బీజిప్2, కొంచెం చిన్నది, బాగా నెమ్మది, ఇప్పుడు దాని అవసరం లేదు. యూఎల్ఎఫ్ఓ ఆపిల్ సొంత ఎల్‌జెడ్ఎఫ్ఎస్ఈ, మ్యాక్ సిస్టమ్ 10.11 వెర్షన్ నుంచి ఉంది, వేగం బాగుంటుంది, మీ సొంతానికి ఇది పెట్టుకోండి. యూఎల్ఎంఓ అంటే ఎల్‌జెడ్ఎంఏ, అన్నిటికన్నా చిన్నది చేస్తుంది గానీ 10.15 కన్నా పాత వెర్షన్ ఉన్న మ్యాక్‌లో తెరుచుకోదు. నాలుగూ చదవడానికే, లోపలికి కొత్త ఫైళ్ళు వేయలేరు.

ప్రశ్న: కంప్రెషన్ ఎక్కువైతే ఇమేజ్ తొందరగా పాడవుతుందట, నిజమేనా?

జవాబు: తొందరగా పాడవదు, పాడైతే ఎక్కువ పోతుంది. దీన్ని నేను ఫీజు కట్టి నేర్చుకున్నాను. ఒకప్పుడు నా పాత మెషీన్ మొత్తాన్ని జీజిప్ 9లో పిండి ఒకే పెద్ద ఫైల్‌గా దాచాను, చిన్నదైందని ముచ్చటపడ్డాను కూడా. రెండేళ్ళకి తీస్తే మూడో వంతు దాకా విప్పుకుని, డేటా చెడిందని ఎర్రర్ చూపించి ఆగిపోయింది. బయటి డిస్క్‌లో ఏదో చిన్న చోట చెడింది, పట్టుమని ఒక సెక్టరో రెండో. కంప్రెస్ అయిన డేటాలో ప్రతి ముక్కా "ఇందాకటి ముక్క చూడు" అంటుంది కదా, ఆ ఇందాకటిది పోతే తర్వాతవన్నీ అనాథలే. కంప్రెషన్ లేకుండా తీసి ఉంటే ఏదో ఒక ఫైల్‌తో పోయేది. గమనించండి, లెవెల్ 1 పెట్టి ఉన్నా ఇదే జరిగేది, 9ది తప్పు కాదు. తప్పు నాది, తీసిన రోజున టెస్ట్ చేయలేదు, రెండో కాపీ పెట్టలేదు.

ఇప్పుడు ఇమేజ్ అవగానే టెస్ట్ ఆప్షన్ నడుపుతాను, జీజిప్, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ మూడింటిలోనూ ఉంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో వెరిఫై అంటారు, దానికి పట్టే టైమ్‌ని కూడా లెక్కలో వేసుకుని లెవెల్ ఎంచుకోండి. తర్వాత పార్2 అనే ప్రోగ్రామ్‌తో పది శాతం రికవరీ ఫైళ్ళు (ఇమేజ్‌లో కొంత చెడినా బాగుచేసేవి) చేసి పక్కన పెడతాను. అంటే పిండి మిగిల్చిన చోటులో కొంత మళ్ళీ వాటికే ఇచ్చేస్తున్నాను, ఆ చోటు అలా ఖర్చయితే నాకు బాధ లేదు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో దాచేవాళ్ళు ఫైల్‌ని 4 జీబీకి తక్కువ ముక్కలుగా ఎలాగూ చేయాల్సిందే, లేదంటే కాపీయే ఆగిపోతుంది.

ప్రశ్న: 'మీడియం'లో తీసిన ఇమేజ్‌ని మళ్ళీ 7-జిప్ అల్ట్రాలో పెడితే ఇంకా తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. అల్ట్రాయే కావాలంటే ఇమేజ్‌ని 'నన్'లో తీసి దాన్ని 7-జిప్‌కి ఇవ్వండి.

ఇంకో సందర్భంలో కూడా 'నన్' మంచిదే, అది అడగలేదు గానీ చెబుతాను. మీ ఇమేజ్‌లు వెళ్ళి పడే చోట డీడూప్లికేషన్ ఉంటే, అంటే ఒకేలా ఉన్న బ్లాకులు ఒక్కసారే దాచే స్టోరేజ్ అయితే, పిండకుండా ఇవ్వండి. పిండిన ఫైల్‌లో మొదట్లో ఒక చిన్న మార్పు వస్తే ఆ తర్వాత బైట్లన్నీ మారిపోయి, నిన్నటి ఇమేజ్‌కీ ఇవాళ్టిదానికీ పోలికే దొరకదు. అది రోజూ 40 జీబీ కొత్తగా దాస్తుంది, మీరు కంప్రెషన్ బాగా చేస్తున్నామనుకుంటుంటారు. పిండి పంపక తప్పదంటే ఆర్‌సింకబుల్ అనే ఆప్షన్ పెట్టండి, జెడ్‌స్టాండర్డ్‌లో ఉంది, పిగ్జ్‌లోనూ ఉంది. సైజు ఒక పిసరు పెరుగుతుంది, కానీ మార్పు వచ్చిన ముక్క దాటాక మిగతాదంతా నిన్నటిలాగే వస్తుంది.